ఎలుకకు పనిచేసిన పసరు మనకూ పనిచేస్తుందా?

మా ఊళ్లో కామెర్లు వస్తే ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, పసరు. నాకు పదేళ్లప్పుడు వచ్చాయి. తెల్లవారకముందే లేపి, మొహం కడిగించి, పరగడుపునే మా అమ్మమ్మ పక్కవీధిలో ఒక పెద్దామె ఇంటికి తీసుకెళ్లింది. ఆమె పెరట్లోంచి నేల ఉసిరి మొక్కలు వేళ్లతో సహా పీక్కొచ్చి, మట్టి పోయేదాకా కడిగి, కల్వంలో నూరి, పల్చటి గుడ్డలో వేసి పిండింది. ముదురాకుపచ్చ రసం రెండు చెంచాలు వచ్చిందేమో. మజ్జిగలో కలిపి తాగించింది. ఆ చేదు, వగరు మధ్యాహ్నం దాకా నాలుక వదల్లేదు. అలా మూడు రోజులు. తర్వాత పథ్యం: నూనె లేదు, తాలింపు లేదు, ఉప్పు అంతంతమాత్రం. మూడు వారాలకు కళ్లు తెల్లబడ్డాయి. పసరు పనిచేసిందన్నారు అందరూ. నేనూ చాలా ఏళ్లు అలాగే నమ్మాను.

పసరు పనిచేసిందో లేదో తేల్చడానికి నా కథ చాలదని తర్వాత తెలిసింది. పిల్లల్లో కామెర్లకు ఎక్కువసార్లు కారణం హెపటైటిస్‌-ఏ వైరస్. పెద్దల్లో, ముఖ్యంగా తాగునీటిలో మురుగు కలిసినప్పుడు, హెపటైటిస్‌-ఈ. ఈ రెండూ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినవాళ్లకీ తగ్గుతాయి, తాగనివాళ్లకీ తగ్గుతాయి. కానీ కామెర్లనేది జబ్బు పేరు కాదు, లోపల ఏదో జరుగుతోందనడానికి గుర్తు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. హెపటైటిస్‌-బీ వల్ల, కొన్ని మందుల వల్ల, క్యాన్సర్ వల్ల కూడా పచ్చబడతాయి. గర్భంతో ఉన్న ఆడపిల్లకు హెపటైటిస్‌-ఈ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్ల విషయంలో పసరు చేసే మొదటి నష్టం ఆ మూడు రోజుల ఆలస్యం, ఆ మూడు రోజులే కీలకం.

ఇప్పుడు కల్వం పోయి సీసా వచ్చింది. లివర్ టానిక్, లివర్ డీటాక్స్, కొలెస్ట్రాల్‌ను కరిగించే క్యాప్సూల్ అని మందుల షాపులోనూ ఫోన్‌లోనూ ఎక్కడ చూసినా ఇవే. లివర్, కొవ్వు అనే రెండు మాటలూ ఒకే డబ్బా మీద కనిపించడానికి కారణం ఫ్యాటీ లివర్. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. వాళ్లలో చాలామంది మద్యం తాగి తెచ్చుకున్నది కాదిది. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, నిద్ర లేకపోవడం, బరువు పెరగడం వల్ల వచ్చింది.

మనం తిన్నదాంట్లో ఖర్చు కాకుండా మిగిలిన పిండిపదార్థాన్ని, చక్కెరను లివర్ కొవ్వుగా మారుస్తుంది. కొంత తనలో దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో పొట్లాలు కట్టి రక్తంలోకి పంపుతుంది. అందుకే ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు కూడా తరచుగా ఎక్కువే ఉంటాయి. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి వెనక్కి లాక్కునేదీ లివరే. ఈ అవయవాన్ని సరిచేసే మొక్క ఒకటి దొరికితే రెండు సమస్యలూ తీరతాయనే ఆశ అందువల్లే పుట్టింది. ఆశలో తప్పు లేదు. చిక్కంతా రుజువు దగ్గరే.

ఎలుకల గదిలో ఏం జరుగుతుంది

"ఈ ఆకు లివర్‌ని కాపాడుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు" అని వాట్సాప్‌లో వచ్చే మాటకు వెనక చాలాసార్లు నిజంగానే ఒక పరిశోధన పత్రం ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలకు కొదవలేదు. ఒక మొక్క, దాని ఎక్స్‌ట్రాక్ట్, కొన్ని తెల్ల ఎలుకలు: ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల్లో ఇది బాగా నలిగిన దారి. ఆకును నీడన ఆరబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్‌లోనో నీళ్లలోనో సారం తీస్తారు. ద్రవం ఆవిరయ్యాక గిన్నె అడుగున జిగురు జిగురుగా నల్లాకుపచ్చ ముద్ద మిగులుతుంది. అదే ఎక్స్‌ట్రాక్ట్. ఎలుకల్ని ఆరేసి చొప్పున గుంపులు చేస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒక గుంపుకు విషం మాత్రమే ఇస్తారు. మరోదానికి విషంతో పాటు పోల్చి చూడటానికి సిలిమారిన్ అనే మందు ఇస్తారు. మిగతా గుంపులకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, 400 మిల్లీగ్రాముల చొప్పున ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తారు. కొన్ని రోజులు అలా తాగించాక కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనం ఎక్కించి, రక్తం తీసి ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చూస్తారు. ఇవి లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే బయటికి కారి రక్తంలో పెరుగుతాయి. ఎక్స్‌ట్రాక్ట్ తాగిన ఎలుకల్లో అవి తక్కువగా కనిపిస్తే, మొక్క లివర్‌ని కాపాడిందని రాస్తారు.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఈ విషం పనిచేసే తీరే. కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉన్నది ఉన్నట్టుగా అంత హాని చేయదు. లివర్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే ముక్కే కణాల పొరల్ని కాల్చేస్తుంది. పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే, ఎంజైమ్ కూడా చాలావరకు అదే. ఇప్పుడు ఆకులోని ఏదో ఒక పదార్థం ఆ ఎంజైమ్‌ను అణిచేసిందనుకుందాం. విషం తయారే కాదు. లివర్ చెక్కుచెదరదు. పత్రంలో ఆ మొక్క లివర్‌ని కాపాడినట్టే కనిపిస్తుంది. నిజానికి అది లివర్ చేసే పనుల్లో ఒకదాన్ని తాత్కాలికంగా ఆపింది, అంతే. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి దానివల్ల ఒరిగేదేముంది? ఆయన కార్బన్ టెట్రాక్లోరైడ్ తాగలేదు. ఏళ్ల తరబడి తిండి, బరువు, షుగర్ కలిసి ఆయన లివర్‌ని ఆ స్థితికి తెచ్చాయి.

ఇంకొక తేడా ఉంది. ఎలుకకు మందు ముందు, విషం తర్వాత. మనం మందు కోసం వెళ్లేది దెబ్బ తగిలాకే.

కొవ్వు తగ్గించే ప్రయోగాల్లోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. ట్రైటాన్ అనే డిటర్జెంట్ లాంటి రసాయనాన్ని ఎలుకకు ఎక్కిస్తే, కొవ్వును రక్తంలోంచి తొలగించే దారి మూసుకుపోయి కొన్ని గంటల్లోనే కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు చుక్కలనంటుతాయి. మన ఒంట్లో కొలెస్ట్రాల్ పెరిగే తీరు అది కాదు. పైగా ఎలుక రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌లో ఉంటుంది. మనకు ఎక్కువ భాగం ఎల్‌డీఎల్‌లో ఉంటుంది. కాబట్టి ఎలుకలో కొలెస్ట్రాల్ తగ్గిందన్న మాటను యథాతథంగా మనకు అన్వయించుకోలేం.

మోతాదు లెక్క కూడా వేసి చూద్దాం. ఎలుకకు ఇచ్చే మోతాదును మనిషికి మార్చాలంటే సుమారు 6తో భాగించడం ఆనవాయితీ. కిలోకు 400 మిల్లీగ్రాములు అంటే మనిషికి కిలోకు 65 దాకా. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 4 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ కావాలి. పది గ్రాముల ఎండాకు నుంచి ఒక గ్రాము సారం వస్తుందనుకుంటే, రోజుకు 40 గ్రాముల ఎండాకు. పచ్చి ఆకైతే దానికి కొన్ని రెట్లు. రెండు చెంచాల పసరులోనో, ఎన్నో మొక్కల్ని కలిపి ఇరికించిన ఒక మాత్రలోనో అంత సారం ఉండే అవకాశం లేదు. సారం తీసిన ద్రవం మారినా సంగతి మారిపోతుంది. నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్, మిల్క్ తిసిల్ అనే మొక్క గింజల్లోని సిలిమారిన్ నీళ్లలో సరిగా కరగవు. ఆల్కహాల్ సారంతో చేసిన ప్రయోగాన్ని చూపించి కషాయం కాచుకోమంటే, చాలావరకు వేరే మందు తాగమన్నట్టే.

ఇంత చెప్పినంత మాత్రాన ఆ పరిశోధనలు దండగ అనడం లేదు. వెయ్యి మొక్కల్లో దేన్ని పట్టుకోవాలో చెప్పే మొదటి జల్లెడ అది. జల్లెడ పట్టగానే వంట అయిపోయిందనుకోవడం దగ్గరే మోసపోతున్నాం.

మనుషుల్లో పరీక్షిస్తే

మా పెద్దామె నూరిన నేల ఉసిరిది ఇందులో పెద్ద కథే. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు పరిశోధకుల పత్రం ఒకటి వచ్చింది. దాని రచయితల్లో బరూచ్ బ్లంబర్గ్ ఒకరు. హెపటైటిస్‌-బీ వైరస్‌కు సంబంధించిన పనికి 1976లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన. వైరస్ ఒంట్లో స్థిరపడిపోయినవాళ్లకు నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు నెల రోజులు ఇచ్చారు. తర్వాత పరీక్షిస్తే 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. పోల్చి చూడటానికి ఇచ్చిన, మందు లేని ఉత్తుత్తి మాత్ర తిన్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. పెరటి మొక్క ప్రపంచ వార్త అయింది. తర్వాత థాయిలాండ్‌లో, నెదర్లాండ్స్‌లో, ఇంకొన్ని చోట్ల ప్రయత్నిస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా, ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగని నమ్మదగ్గ ఆధారం లేదనే చెప్పింది. మన నేల మీది మొక్క గెలిచుంటే నాకెంత సంతోషమయ్యేదో. కానీ మరోసారి చేస్తే నిలబడని ఫలితం మీద రోగి ప్రాణం పెట్టలేం.

గుగ్గులుదీ అలాంటి కథే. రాజస్థాన్, కచ్ ఎడారుల్లో పెరిగే పొద బెరడుకు గాట్లు పెడితే కారే బంక అది. సుశ్రుత సంహితలో మేదోరోగం, అంటే ఒంట్లో కొవ్వు పేరుకునే జబ్బు గురించి చెప్పిన వర్ణనను పట్టుకుని జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో దాని మీద పరిశోధన చేసి 1966లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. పాత గ్రంథంలోని ఒక ఊహను ప్రయోగశాలలో పెట్టి పరీక్షించడం ఎలాగో చూపించిన పని అది, నాకు ఎంతో గౌరవం. తర్వాత లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్లింది, 1980ల్లో మన దేశంలో మందుగా అనుమతి వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గిందని ఇక్కడి అధ్యయనాలు చెప్పాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 103 మందితో ఎనిమిది వారాలు కట్టుదిట్టంగా పరీక్షించి 2003లో ప్రచురించారు. గుగ్గులు తీసుకున్నవాళ్ల ఎల్‌డీఎల్ 4, 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్లకే 5 శాతం తగ్గింది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఇంకోపక్క, బంక కోసం గాట్లు పెట్టీ పెట్టీ ఆ పొద అంతరించే అంచుకు చేరింది.

ఎలుకల గదిలో కొలబద్దగా వాడే సిలిమారిన్ సంగతి? దానికి ఒక చోట నిజంగా విలువుంది. యూరప్‌లో అమనిటా ఫాలాయిడిస్ అనే విషపుట్టగొడుగు తిన్నవాళ్లకు సిలిమారిన్‌లో ఉండే సిలిబినిన్‌ను నరానికి ఇంజెక్షన్‌గా ఇస్తారు. పుట్టగొడుగు విషం లివర్ కణంలోకి దూరే తలుపును అది అడ్డుకుంటుంది. కానీ హెపటైటిస్‌-సీతో లివర్ దెబ్బతిన్న 154 మందికి మామూలు మోతాదు కంటే ఎక్కువగా ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో, 2012లో వచ్చిన ఫలితం ప్రకారం ఎస్‌జీపీటీ ఉత్తుత్తి మాత్ర కంటే ఏమీ ఎక్కువ తగ్గలేదు. ఒకే పదార్థం ఒక విషానికి విరుగుడై, ఇంకో జబ్బుకు పనికిరాకపోవచ్చు. "లివర్‌కి మంచిది" అన్న మాటలో ఈ తేడా ఎక్కడా కనపడదు. లివర్‌కి ఏ కష్టం వచ్చినప్పుడు మంచిది, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు అని అడిగి తీరాలి.

ఉత్తుత్తి మాత్ర తిన్నవాళ్లకు కూడా ఎందుకు తగ్గుతుందంటే, మనం మందు మొదలుపెట్టేది రిపోర్టు బాగా చెడ్డగా ఉన్న రోజునే. ఎస్‌జీపీటీ, ట్రైగ్లిజరైడ్లు రోజు రోజుకూ మారుతూనే ఉంటాయి. బాగా పెరిగిన రోజు తర్వాత మళ్లీ చూస్తే కాస్త తగ్గి ఉండటం సహజం. దానికితోడు భయంతో స్వీట్లు మానేస్తాం, సాయంత్రం నాలుగడుగులు నడుస్తాం. పేరు మాత్రం క్యాప్సూల్‌కి పోతుంది.

నిజంగా తగ్గించేవి

మొక్కల్లో కొలెస్ట్రాల్‌ను తగ్గించేవి లేకపోలేదు. అవి సీసాల్లో కంటే వంటింట్లోనే ఎక్కువ. ఇసబ్‌గోల్ పొట్టు, ఓట్స్, పప్పుధాన్యాల్లో నీళ్లలో కరిగే పీచు ఉంటుంది. అది పేగులో జిగురుగా మారి పైత్యరసంలోని ఆమ్లాల్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పైత్యరసాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి లివర్‌కి కొలెస్ట్రాల్ కావాలి, దాన్ని రక్తంలోంచి లాక్కుంటుంది. తగ్గేది కొంచెమే, ఎల్‌డీఎల్‌లో 5 నుంచి 10 శాతం. కానీ ఇది పదే పదే చేసి చూసినా నిలబడ్డ ఫలితం.

మెంతుల మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో మంచి పని జరిగింది. ఇన్సులిన్ మీద ఉన్న షుగర్ రోగులతో చేసి 1990లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, నూనె తీసేసిన మెంతిపిండిని పది రోజులు భోజనంలో కలిపి పెడితే షుగర్‌తో పాటు ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. మోతాదు? రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. మా వంటింటి త్రాసులో ఒక టీస్పూను మెంతులు వేసి చూశాను. నాలుగు గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగాయి. వంద గ్రాములంటే పాతిక స్పూన్లు. రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగే ఒక స్పూను మెంతులు మంచివే, మానక్కర్లేదు. వాటి మీద భరోసా పెట్టుకుని డాక్టర్ రాసిన మాత్ర మానేస్తేనే ప్రమాదం.

2022లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ 190 మందితో ఒక సూటి పోలిక చేసింది. ఒకపక్క కొలెస్ట్రాల్‌కి డాక్టర్లు రాసే స్టాటిన్ రకం మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్, 5 మిల్లీగ్రాముల చిన్న మాత్ర. మరోపక్క వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, మొక్కల స్టెరాల్స్, చేపనూనె, ఎర్ర ఈస్టు బియ్యం సప్లిమెంట్లు. 28 రోజులకు మాత్రతో ఎల్‌డీఎల్ 38 శాతం దాకా తగ్గింది. సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను దాటలేదు. వీటిలో ఎర్ర ఈస్టు బియ్యం గురించి కొంచెం చెప్పాలి. చైనాలో బియ్యాన్ని ఒక బూజుతో పులియబెట్టి చేసేది అది. అందులోని మొనాకొలిన్‌-కె, 1987లో అమెరికాలో మందుగా అనుమతి పొందిన లోవాస్టాటిన్, రెండూ ఒకే అణువు. మందు ఎంత ఉందో సీసా సీసాకూ మారుతుంది. తక్కువుంటే పనిచేయదు, ఎక్కువుంటే స్టాటిన్ తెచ్చే కండరాల నొప్పులన్నీ అదీ తెస్తుంది. యూరప్‌లో 2022 నుంచి రోజుకు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని కట్టడి పెట్టారు.

ఫ్యాటీ లివర్‌కి ఇప్పటిదాకా అన్నిటికంటే గట్టి రుజువున్నది బరువు తగ్గడమే. ఉన్న బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో లివర్ వాపు కూడా తగ్గుతుంది. ఎనభై కిలోల మనిషికి అది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. అయినా కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు నింపడం, మద్యం తాగే అలవాటుంటే మానేయడం ఏ సీసా కంటే ముందు చేయాల్సినవి.

కాపాడేదే దెబ్బతీస్తే

మనం మింగిన ప్రతి ఆకు సారాన్నీ విరగ్గొట్టి బయటికి పంపాల్సింది లివరే. లివర్‌ని కాపాడమని ఇచ్చేదీ ముందు లివర్‌కే పనిగా చేరుతుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురు తీవ్రమైన లివర్ వాపుతో వచ్చారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే. తర్వాత దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి అలాంటి 43 మంది వివరాలు సేకరించి ప్రచురించారు. కొందరిలో ఒంట్లో అప్పటికే నిద్రాణంగా ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసేది) తిప్పతీగతో మేల్కొన్నట్టు కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు, వేరే జాతి తీగతో పొరబడి ఉండొచ్చంది. ఆ చర్చ ఎలా ఉన్నా, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడం అందరికీ మంచి చేయదు.

పసుపుదీ అంతే. కూరలో చిటికెడు పసుపు మన తాతల నుంచి వస్తున్నదే, దానికి భయం అక్కర్లేదు. కానీ మిరియాల సారంతో కలిపి ఒంటికి ఎక్కువగా పట్టేలా చేసిన కర్క్యుమిన్ క్యాప్సూళ్లు వేరే సంగతి. పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న పది మంది గురించి అమెరికా పరిశోధకులు 2022లో ప్రచురించారు. వాళ్లలో ఏడుగురికి ఒకే రకం జన్యువు ఉంది. అది ఎవరికుందో ముందుగా చూసి మాత్ర అమ్మే షాపు ఎక్కడా లేదు. గ్రీన్ టీ కూడా కప్పుతో తాగితే ఫర్వాలేదు. దాని సారాన్ని బరువు తగ్గే మాత్రగా చేసి రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి అందులోని ఈజీసీజీ అనే పదార్థం లోపలికి పోతే లివర్ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

మా పిన్నికి నిరుడు ఎస్‌జీపీటీ 300 దాటింది. హెపటైటిస్ పరీక్షలన్నీ చేశారు, ఏదీ లేదు. ఏ మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే థైరాయిడ్ మాత్ర ఒక్కటే చెప్పింది. ఇంటికొచ్చాక నేను వంటింటి గట్టు మీద చూస్తే ఫ్యాటీ లివర్ కోసమని తెప్పించుకున్న రెండు సీసాలున్నాయి, ఒకటి సగం ఖాళీ. ఆకుమందు కదా, మందుల్లోకి రాదనుకున్నానంది. మర్నాడు ఆ రెండు సీసాలూ సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లాం. డాక్టర్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చదివి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, రెండూ ఆపేయమన్నారు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేయించాం. మూడో రిపోర్టులో 60కి దిగింది.